సందేహాలు – సమాధానాలు: పచ్చగా పడుతున్న లైటు

సందేహం: గురువుగారూ నమస్తే. వీడియోలు తీసేవాళ్ళ కోసం, వెంట తీసుకెళ్ళే ఎల్‌ఈడీ ప్యానెల్ లైట్లు ఎలా ఎంచుకోవాలో తెలుగులో రాస్తున్నాను. దీపం, వెలుగు, వెలుతురు, కాంతి, వీటిలో ఏది వాడాలి? సాఫ్ట్ లైట్‌ని మెత్తటి వెలుతురు అంటే నవ్వుతారా? కలర్ టెంపరేచర్‌ని "వర్ణ ఉష్ణోగ్రత" అని రాస్తే మా ఫ్రెండ్ చదివి, లైటు అంత వేడెక్కుతుందా అని అడిగాడు. ప్యానెల్స్ అనాలా ప్యానెళ్ళు అనాలా? నేను రాసిన ముక్క ఒకటి పంపుతున్నా, తప్పులుంటే చెప్పండి: "లైట్ లైట్‌గా ఉండాలి, సులభంగా మోసుకెళ్ళగలగాలి. సాఫ్ట్ లైట్ కావాలంటే బ్రైట్‌నెస్ తగ్గించండి. లైటుని రెట్టింపు దూరం జరిపితే కాంతి రెండు రెట్లు తగ్గుతుంది. సీఆర్ఐ 95 శాతం ఉంటే మంచిది. లైటు పచ్చగా పడితే కెల్విన్ పెంచండి."

సమాధానం: మీరు విడిగా అడిగినవాటికంటే మీరు పంపిన ముక్కలోనే ఎక్కువ సందేహాలు దాక్కున్నాయండీ, అందుకే అక్కణ్ణించే మొదలుపెడతా.

"లైట్ లైట్‌గా ఉండాలి" అన్నది నేను మూడుసార్లు చదివాను. బరువు తక్కువుండాలనా, వెలుతురు తక్కువుండాలనా, లేకపోతే కుర్రాళ్ళు లైట్ తీస్కో అంటారు చూడండి, ఆ అర్థంలోనా? ఇంగ్లీషులో ఒకేలా ఉండే రెండు మాటలూ మనకి వచ్చేశాయి కాబట్టి ఈ తిప్పలు. ఇక్కడ మనకి "తేలిక" అనే చక్కటి మాట ఉంది, తేలు అనే క్రియకి చుట్టం, నీళ్ళ మీద తేలేది తేలిక. "లైటు తేలిగ్గా ఉండాలి" అంటే ఇంక అనుమానమే లేదు.

ఆ వెంటనే "మోసుకెళ్ళగలగాలి" అన్నారు. తేలిగ్గా ఉన్నదాన్ని మోయడమేంటండీ? మూటలు మోస్తాం, భారం మోస్తాం, నిందలు మోస్తాం, గొడుగుని మాత్రం పట్టుకెళ్తాం. పోర్టబుల్ అనడానికి "వెంట తీసుకెళ్ళే" అంటే చాలు, చిన్నదైతే "చేత్తో పట్టుకెళ్ళే". అయితే ఒకటి, నిజంగా మోసుకెళ్ళాల్సినవి కూడా పోర్టబుల్ పేరుతో దొరుకుతాయి. ప్యానెల్ బరువు ఒక్కటే బాక్స్ మీద పెద్దక్షరాల్లో వేస్తారు, స్టాండు, బ్యాటరీలు, చార్జరు అన్నీ బ్యాగులో పెట్టి భుజానికి తగిలించాక తెలుస్తుంది అది ఏ క్రియకి చెందిన లైటో. బ్యాటరీ గురించి కూడా మీ రాతలో ఒక ముక్క ఉండాలి. 98 వాట్-అవర్ల (అంటే 98 వాట్లని గంటసేపు ఇవ్వగల) బ్యాటరీ మీద 60 వాట్ల ప్యానెల్ ఫుల్లుగా వేస్తే గంటన్నర "వస్తుంది". వస్తుంది అనే రాయండి, "గంటన్నర బ్యాకప్ ఇస్తుంది" అని కాదు, చెప్పులు రెండేళ్ళు వచ్చాయి అంటాం కదా అదే వరస. ఆ 98 కూడా ఊరికే పెట్టిన అంకె కాదు, విమానంలో మామూలుగా 100 వాట్-అవర్ల దాకా బ్యాటరీలు చేతిసంచిలో తీసుకెళ్ళొచ్చు, అది దాటి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ వాళ్ళ అనుమతి కావాలి, అందుకే చాలా బ్యాటరీలు ఆ గీతకి కొంచెం ఇవతలే ఆగిపోతాయి.

ఇప్పుడు మీ నాలుగు మాటలు. దీపం అనగానే మనసులో ఒక వత్తి, ఒక మంట వచ్చి కూర్చుంటాయి, ప్యానెల్‌ని దీపం అంటే తప్పు కాదుగానీ చదివేవాడికి ఒక్క క్షణం ఆ మంట కనిపించి మాయమవుతుంది, అనవసరం. వస్తువుని లైటు అనండి, దాన్నించి వచ్చి పడేదాన్ని వెలుతురు అనండి. ఇంగ్లీషువాడికి వస్తువుకీ, దాన్నించి వచ్చేదానికీ ఒకటే మాట, మనకి రెండున్నాయి, ఇది సుఖం కదా. వెలుగు సంగతి వేరు, అది క్రియ కూడా, దీపం వెలుగుతుంది. వెలుతురు ఎప్పుడూ క్రియ కాదు, అది చోటుని నింపేది, "గదిలో వెలుతురు చాలట్లేదు", "వెలుతురుండగానే వచ్చెయ్" అంటాం. రెండింటి మధ్యా గీత గీసినట్టు తేడా లేదుగానీ లైటింగ్ గురించి రాసేటప్పుడు వెలుతురే ఎక్కువచోట్ల అతుకుతుంది. కాంతి సంస్కృతం, ఇష్టపడటం అనే అర్థమున్న కమ్ ధాతువు నించి వచ్చింది, కాంత కూడా అక్కణ్ణించే, అంటే మొదట్లో అది చూడముచ్చటగా ఉండటం. తర్వాత సైన్సు పుస్తకాలు దాన్ని తీసుకుని కాంతివేగం, కాంతి సంవత్సరం చేశాయి. కొలతల దగ్గర కాంతి వాడుకోండి, మొహం మీద పడేది వెలుతురు.

వెలుగు, వెలుతురు, వెల్ల, వెండి, వెన్నెల అన్నీ ఒకే ఇంటి పిల్లలు, అన్నిటి అడుగునా ఉన్నది తెలుపే. కెమెరావాళ్ళు లైటు వెయ్యగానే చేసే మొదటి పని ఏంటో తెలుసుగా, వైట్ బ్యాలెన్స్, అంటే తెల్లటిది తెల్లగానే కనిపించేలా కెమెరాని సర్దడం!

ఆ తెలుపు దగ్గరే మీ ఫ్రెండ్ అడిగిన ప్రశ్న వస్తుంది. ఆయన్ని చూసి నవ్వకండి, సరైన ప్రశ్నే అడిగాడు. కలర్ టెంపరేచర్‌ని కొలిచేది కెల్విన్లలో, వేడిని కొలిచే డిగ్రీల్లాంటివే. 5600 కెల్విన్ అంటే ప్యానెల్ అంత వేడెక్కుతుందని కాదు, అంత వేడిమీదున్న వస్తువు ఏ రంగులో వెలుగుతుందో ఆ రంగని. ఇనుముని కొలిమిలో పెడితే ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, ఇంకా వేడెక్కితే తెలుపు వైపు పోతుంది, ఇనుము తట్టుకోలేనంత వేడి నక్షత్రాల్లో ఉంటుంది కాబట్టి అవి నీలంగా కూడా ఉంటాయి. అంటే అంకె పెరిగేకొద్దీ నీలం. చిక్కేంటంటే ఆ నీలాన్నే అందరూ కూల్ అంటారు, 3200 దగ్గర పసుపుని వార్మ్ అంటారు, ఎందుకంటే బొమ్మలేసేవాళ్ళకి నిప్పు వెచ్చన, నీళ్ళు చల్లన. రెండు వాడుకలు ఎదురెదురుగా నడుస్తున్నాయన్నమాట. మీరు ఒకే వాక్యంలో "ఉష్ణోగ్రత పెంచితే చల్లగా అవుతుంది" అని రాస్తే ఫ్రెండే కాదు, ఎవరైనా ఆగిపోతారు. అందుకని కలర్ టెంపరేచర్ అనే మాటని అలాగే ఉంచి, కంటికి కనిపించేది తెలుగులో చెప్పండి: "3200 వైపు తిప్పితే పసుపు, 5600 వైపు తిప్పితే నీలం ఎక్కువవుతుంది." బాక్స్ మీద అచ్చయ్యే మాట బాక్స్ మీద ఉన్నట్టే ఉండనివ్వాలి, లేకపోతే మీరు రాసింది చదివి కొనడానికి వెళ్ళినవాడు వర్ణ ఉష్ణోగ్రత ఎక్కడుందా అని బాక్స్ తిప్పి తిప్పి చూస్తాడు. (చల్లని వెన్నెల అంటాం, సినిమాల్లో వెన్నెలని నీలంగా చూపిస్తారు కూడా. తీరా కొలిస్తే వెన్నెల ఎండకంటే కాస్త పసుపు వైపే ఉంటుంది, మసకలో మన కంటికి ఎరుపు తగ్గి నీలం మిగులుతుంది, అంతే.)

ఇంక "లైటు పచ్చగా పడితే కెల్విన్ పెంచండి" అన్నారే, ఈ వాక్యాన్ని మాత్రం అలా వదలకండి. నా నెత్తిమీదే జరిగింది. ఆమధ్య సంధుల మీద పాఠాలు రికార్డు చేస్తుంటే ఒక అబ్బాయి కొత్త ప్యానెల్ తెచ్చి పెట్టాడు, మానిటర్ చూసి "సార్, మీ మొహం పచ్చగా వస్తోంది" అన్నాడు. ఫోన్లో ఇంకో ఫ్రెండ్‌ని అడిగితే అతను పచ్చంటే పసుపనుకుని కెల్విన్ పెంచమన్నాడు. పెంచాడు. మొహం ఇంకా దరిద్రంగా అయ్యింది, జబ్బుపడి లేచినవాడిలా ఉన్నా. మళ్ళీ పెంచాడు. గంటసేపు సవర్ణదీర్ఘ సంధి అలా సగంలో నిలబడిపోయింది. చివరికి నేనే వెళ్ళి మానిటర్ చూస్తే అది పసుపు కాదు, ఆకుపచ్చ! మన పచ్చలో రెండు రంగులున్నాయి, పసుపు పూసినా పచ్చే, చేను ఏపుగా ఉన్నా పచ్చే, మామూలు మాటల్లో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది, లైటు దగ్గర మాత్రం తెలియదు. పైగా ఈ రెండిటికీ మందులు వేరు. పసుపు–నీలం మధ్య జరిపేది కెల్విన్. ఆకుపచ్చ–మెజెంటా మధ్య జరిపేది ఇంకోటి ఉంది, కెమెరాల్లో టింట్ అని ఉంటుంది, ఆకుపచ్చకి మందు అక్కడుంది, లేదా లైటు ముందు పల్చటి గులాబీ ఫిల్టరు పెట్టాలి. తక్కువరకం ఎల్‌ఈడీల్లో ఆకుపచ్చ ఛాయ తరచుగా వచ్చే జబ్బే. కాబట్టి లైట్ల గురించి రాసేటప్పుడు ఒట్టి "పచ్చ" ఎక్కడా వాడొద్దు, పసుపో ఆకుపచ్చో తేల్చి రాయండి.

అదే లెక్కలో సీఆర్ఐ, అంటే లైటు రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె. "95 శాతం" కాదండీ, ఒట్టి 95. అది శాతం కాదు సూచిక, పైగా అందులో కొన్ని రంగుల మార్కులు సున్నా కిందకి కూడా పోగలవు, శాతం అలా పోతుందా? మామూలుగా చెప్పే సీఆర్ఐ 8 లేతరంగుల సగటు, చిక్కటి ఎరుపు ఆ లెక్కలోకే రాదు, దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. మనిషి చర్మం కింద ఉన్నదంతా ఎరుపే కాబట్టి మొహాలు తీసేవాళ్ళు ఆర్9 అడిగి చూసుకోవాలి. టీఎల్‌సీఐ అనేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వాళ్ళు కెమెరా కళ్ళతో చూసినట్టు లెక్కకట్టింది, అది కూడా ఇస్తే ఇంకా మంచిది. వీటికి తెలుగు పేర్లు పుట్టించక్కర్లేదు, "రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుందా" అని ఒక్కసారి చెప్పి ముందుకెళ్ళండి.

మెత్తటి వెలుతురు అంటే ఎవరూ నవ్వరు. మెత్తటి మాట, మెత్తటి మనిషి అంటుంటే లేనిది వెలుతురుకేమొచ్చింది. కాకపోతే మీరే దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. తక్కువ వెలుతురుకి మనకి వేరే మాటలున్నాయి, సన్నటి వెలుతురు, గుడ్డి వెలుతురు, మసక. బ్రైట్‌నెస్ తగ్గిస్తే వచ్చేవి అవీ. మెత్తదనం ఎంత వెలుతురు అన్నదాంట్లో లేదు, నీడ అంచులో ఉంది. గోడకి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి, వేళ్ళ నీడ కత్తిరించినట్టు పడితే అది గట్టి వెలుతురు, అంచులు కరిగిపోయినట్టుంటే మెత్తటిది. నీరెండ అని ఎంత మంచి మాటుందో, వినడానికే మెత్తగా ఉంటుంది, నేను కూడా ఒకప్పుడు సాఫ్ట్ లైట్‌కి నీరెండ అనొచ్చనుకున్నా, కానీ సాయంత్రం నీరెండలో నిలబడి మీ నీడ చూసుకోండి, పొడుగ్గా, అంచు గీసినట్టే పడుంటుంది. వేడి తగ్గింది, వెలుతురు తగ్గింది, నీడ మాత్రం మెత్తబడలేదు. అసలైన మెత్తటి వెలుతురు మబ్బు పట్టిన రోజుది, ఆకాశమంతా ఒకే లైటైపోతుంది కాబట్టి. అంటే లైటు ఎంత పెద్దగా కనిపిస్తే అంత మెత్తన. అడుగు వెడల్పు ప్యానెల్ మొహానికి రెండడుగుల్లో ఉంటే మెత్తగా ఉంటుంది, అదే ప్యానెల్ పదడుగులు జరిపితే చిన్న చుక్కైపోయి నీడ గట్టిపడుతుంది. ముందు తగిలించే తెల్ల డిఫ్యూజర్ కూడా ప్యానెల్‌కి అంటుకునే ఉంటే చుక్కచుక్కగా ఉన్న ఎల్‌ఈడీలని కలిపేస్తుందంతే, లైటుని పెద్దది చెయ్యదు.

రెట్ల సంగతి చూస్తే "రెండు రెట్లు తగ్గుతుంది" అనేది ఈమధ్య అందరూ రాస్తున్నారు, నాకు చదివినప్పుడల్లా పంటికింద రాయే. రెట్లు పెరగడానికి, తగ్గడానికి వంతులు. పైగా మీ లెక్క కూడా తప్పింది, దూరం రెట్టింపైతే వెలుతురు సగం కాదు, పావు వంతే మిగులుతుంది. మీటరు దగ్గర 1000 లక్స్ (ఒకచోట ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత) ఉంటే రెండు మీటర్ల దగ్గర సుమారు 250. అందుకే బాక్స్ మీద లక్స్ అంకె చూసేటప్పుడు ఎంత దూరంలో కొలిచారో కూడా చూడాలి.

మీరు అడగలేదుగానీ ఫ్లికర్‌కి కూడా మాట కావాలి మీకు. మిణుకుమిణుకు నక్షత్రానికి, రెపరెప గాలిలో మంటకి. పాడైన ట్యూబ్‌లైట్‌ని "కొట్టుకుంటోంది" అంటాం చూడండి, ప్యానెల్‌కి అదే సరిపోతుంది. డిమ్ చేసినప్పుడు కొన్ని ప్యానెళ్ళు వెలుతురు తగ్గించవు, సెకనుకి చాలాసార్లు ఆరి వెలుగుతూ తగ్గినట్టు నటిస్తాయి, మన కన్ను మోసపోతుంది, కెమెరా మోసపోదు, చారలు చూపిస్తుంది. కొనేముందు లైటుని 10 శాతానికి దించి (ఇది నిజంగా శాతమే) ఫోన్లో స్లోమోషన్ తీసి చూడమని రాయండి.

చివరిది ప్యానెళ్ళు. రైలు రైళ్ళయింది, ఫైలు ఫైళ్ళయింది, హోటల్ హోటళ్ళయింది, ప్యానెల్ ఏం పాపం చేసింది? బిల్లు మాత్రం బిల్లులుగానే ఉండిపోయింది, అది ద్విత్వం మహిమ అనుకుందామంటే మన ఇల్లు ఇళ్ళవుతుంది, కాబట్టి అక్కడ నోటి అలవాటుదే పైచెయ్యి. మాట్లాడేటప్పుడు ప్యానెల్స్ అన్నా ఎవరూ తప్పుపట్టరు, రాసేటప్పుడు ప్యానెళ్ళు అనండి. ఇక షూటింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయి లైటు ఆరిపోతే దాన్నేమనాలో కూడా రాసుకోండి, మావాళ్ళు మాత్రం "సార్, లైటు కొండెక్కింది" అంటారు, నేను దిద్దలేదు.