రోహిణి కార్తెలో బండెక్కబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

టెంపో ట్రావెలర్‌లో సీట్లు పీకించి, మంచాలూ పొయ్యీ పెట్టించి, రోహిణి కార్తెలో పిల్లాణ్ణి వెంటేసుకుని రామేశ్వరం బయల్దేరుతున్నారని మీ అమ్మ చెప్పింది. గుండె నిండింది తల్లీ. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. అంత దూరం నువ్వు బండి నడపగలవు, నాకా బెంగ లేదు. రెండేళ్ళ పిల్లాడి పాలు ఎక్కడ పెడతావన్నదే బెంగ. అద్దాలు బిగించి ఎండలో ఆపిన బండి లోపల మే నెలలో 45 డిగ్రీలు ఇట్టే దాటిపోతుంది.

ఫ్రిజ్ ఇంకా కొనకపోతే ఇది విను. చవగ్గా దొరికే చిన్న కూలర్లు, కంప్రెసరు లేనివి, బయటి వేడి కంటే ఓ 15, 20 డిగ్రీలు తగ్గించగలవు, అంతే. బయట 40 ఉంటే లోపల 20. ఆ చలవకు పాలు సాయంత్రానికి విరుగుతాయి. గ్యాసుతో నడిచే ఫ్రిజ్ వద్దే వద్దు. అందులో అమ్మోనియా కలిసిన నీళ్ళు తమ బరువుతో కిందికి జారాలి కాబట్టి బండి సమమట్టంగా ఉండాలి. కాలవ గట్టు మీద ఓ పక్కకి ఒరిగి ఆగితే ఆ నీళ్ళు జారవు, ఫ్రిజ్ చల్లబడదు. పైగా వంట గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే మీరు పడుకునే చోటే నేల మీద పేరుకుంటుంది. 12 వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్, పెట్టెలా పైకి తెరుచుకునేది, 50 లీటర్లది తీసుకో. పక్కకి తెరిచే తలుపైతే తీసిన ప్రతిసారీ చల్లగాలి కాళ్ళ మీదకి కారిపోతుంది.

ఎండ తగలని వైపు పెట్టించు. కంప్రెసరు జల్లెడ ఉన్న పక్క నాలుగు వేళ్ళ ఖాళీ వదలమను. వడ్రంగులు అందం కోసం ప్లైవుడ్‌తో మూసేస్తారు. లోపల లాగిన వేడి ఆ జల్లెడలోంచే బయటికి పోవాలి. మూస్తే అదే గాలి మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, కంప్రెసరు ఆగదు, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రెండుసార్లు చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

ఫ్రిజ్‌తో పాటు సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే వైరు ఒకటి ఇస్తారు. అందరూ అదే గుచ్చేస్తారు. పగలు బండి నడుస్తుంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రి ఇంజను ఆపి పడుకుంటారు. పొద్దున్నే మూత తీస్తే లోపల గోరువెచ్చన, పాలు విరిగి ఉంటాయి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మీటరు పెట్టి 12.4 వోల్టులు ఉందంటాడు. కరెంటు బాగానే ఉంది కనక ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాసు పోయి ఉంటుందంటాడు, నింపుతాడు, డబ్బు తీసుకుంటాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే. ఈ తప్పు నేనూ చేశాను తల్లీ, ఒక్కసారి కాదు. నిక్షేపంలాంటి ఫ్రిజ్‌లకి గ్యాసు నింపి పంపాను.

జరిగేది ఇది. ఇంజను తిరుగుతున్నప్పుడు దాంతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు 14 వోల్టుల దాకా ఇస్తుంది, కొంత పోయినా ఫ్రిజ్‌కి చాలుతుంది. ఇంజను ఆపాక బ్యాటరీ 12.4 దగ్గర నిలుస్తుంది. సాకెట్‌కి వెళ్ళే వైరు 1 చదరపు మిల్లీమీటరుది, బ్యాటరీ 5 మీటర్ల దూరం అనుకో. పోనూ రానూ 10 మీటర్లు. 5 ఆంపియర్లు లాగితే ఆ వైరులోనే దాదాపు 0.9 వోల్టు కరిగిపోతుంది. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగుతుంది. సాకెట్ వదులుగా ఉంటే ఇంకా పోతుంది. ఫ్రిజ్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు ఆ తగ్గిన వోల్టేజి చూసి, బ్యాటరీ అయిపోతోందనుకుని కంప్రెసర్ని ఆపేస్తుంది. ఆపగానే లాగేవాడు లేడు కాబట్టి వోల్టేజి మళ్ళీ 12.4కి లేస్తుంది. కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. రాత్రంతా ఇదే. ఆగి ఉన్నప్పుడు మీటరు పెడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అందుకే కంప్రెసరు మొదలవుతున్నప్పుడు, ఫ్రిజ్ పిన్నుల దగ్గరే కొలవాలి. బ్యాటరీ దగ్గర కొలతకీ అక్కడి కొలతకీ తేడా అర వోల్టు మించితే తప్పు వైరుది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బ్యాటరీ నుంచి నేరుగా లాగితే అదే 5 ఆంపియర్లకి పోయేది 0.15 వోల్టు లోపే. ప్లస్ వైరుకి 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి జానెడు లోపు ఉండాలి. ఎక్కడైనా వైరు ఒరిసి బాడీకి తగిలితే ఆ ఫ్యూజే మిమ్మల్ని కాపాడేది. చివర్లకి లగ్గులు, అంటే వైరు కొసకి తొడిగే లోహపు తొడుగులు, వేసి గట్టిగా నొక్కించు, ఊరికే మెలిపెట్టి టేపు చుట్టనివ్వకు. మన ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, ఆకుపచ్చ పొడిలా. అది కనిపించిన చోట కరెంటు తగ్గినట్టే. గీకి, బిగించి, వాజిలీన్ రాయి.

బ్యాటరీ లెక్క చిన్నదే. ఈ ఎండల్లో ఆ ఫ్రిజ్ రోజుకి 50 నుంచి 60 ఆంపియర్-అవర్లు తింటుంది. మామూలు 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి అది ఒక్క రోజుకైనా బొటాబొటీయే. లిథియం 100 అయితే రోజున్నర. పైన 200 వాట్ల సోలార్ పలక ఉంటే మంచి ఎండలో ఆ ఖర్చు పూడుతుంది. బండి స్టార్ట్ అయ్యే బ్యాటరీకి మాత్రం ఫ్రిజ్ తగిలించకు, నేను చెప్పేది ఫ్రిజ్ కోసం విడిగా పెట్టించే బ్యాటరీ.

ముందు రోజే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ని చల్లబరిచి, చల్లటి సామానే సర్దు. వేడి పులుసు గిన్నె అందులో పెట్టావంటే పక్కనున్న పాలు కూడా వేడెక్కుతాయి. ముందు నీళ్ళ పళ్ళెంలో ఉంచి ఆర్చు. రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి అడుగున పెట్టు. లోపల థర్మామీటరు 5 డిగ్రీలు దాటకూడదు.

ఫ్రిజ్ చెడితే ఏం చెయ్యాలో కూడా చెప్తాను. మన వైపు ఐసు దిమ్మల్ని ఊకలో పొదిగేవాళ్ళు, గుర్తుందా? ఊకలో చలవేమీ లేదు. గింజపొట్టు మధ్య చిక్కుకున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. ఐసు వేసుకునే థర్మకోల్ పెట్టె చేసేదీ ఆ పనే. అందుకని గోడ మందం చూసి కొను. మందమున్న 50 లీటర్ల పెట్టెకి రోజుకి 4, 5 కిలోల ఐసు పడుతుంది. పొడి చేసింది త్వరగా కరుగుతుంది, దిమ్మ ముక్కే అడుగు. ఆ ఐసు మజ్జిగలో వెయ్యకు, తాగే నీళ్ళతో చేసింది కాకపోవచ్చు.

చేపలు ఎక్కడపడితే అక్కడ కొనొద్దు. కానాగంతల్లాంటివి ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషం తయారవుతుంది, ఎంత ఉడికించినా అది పోదు. పిల్లాడికి అస్సలు పెట్టకు. కొంటే చేప బరువంత ఐసు, కరిగిన నీళ్ళు కిందికి పోయే దారి, ఆ పూటే వంట. 32 డిగ్రీలు దాటిన వేడిలో వండింది గంటకి మించి బయట ఉంచకు. మిగిలిన అన్నం కూడా అంతే. వేడి చేస్తే సరిపోతుందనుకోకు, అన్నంలో పుట్టిన విషం వేడికి లొంగదు. ఆవకాయ, కందిపొడి, పూతరేకులు ఫ్రిజ్‌లో పెట్టి చోటు పాడుచెయ్యకు.

ఆదివారం పొద్దున్నే బండి ఇటు తీసుకురా. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు పన్నెండు మీటర్లు, లగ్గులు, ఫ్యూజు హోల్డరు తెచ్చి ఉంచాను. నా మల్టీమీటరు కూడా నీకే ఇస్తాను. ఎలా పట్టుకోవాలో చూపించే పంపుతాను, ఎండెక్కకముందే వచ్చెయ్యి.

మీ మావయ్య