డీజిల్ కారు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 2013 మోడల్ మారుతి డిజైర్, తెలుపు రంగు, సీట్లకు కొత్త కవర్లు, టైర్లకు నిగనిగలాడే పాలిష్. పదకొండు ఫొటోలు పంపావు గానీ ఒక్కదానిలోనూ బానెట్ ఎత్తి లేదు. పెళ్లిచూపులకు వెళ్లి గుమ్మానికి కట్టిన తోరణం చూసి వచ్చినట్టుంది నీ పని. మోకాళ్లు సహకరిస్తే నేనే విజయవాడ నుంచి బస్సెక్కి వచ్చేవాణ్ని. రాలేను కాబట్టి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆ కారులో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజిన్. 2003లో యూరప్‌లో వచ్చింది. తర్వాత మారుతి మానేసర్‌లోనూ, టాటా, ఫియట్ కలిసి పుణె దగ్గరి రంజన్‌గావ్‌లోనూ తయారు చేశాయి. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో, లినియా, ఇలా ఏ బానెట్ ఎత్తినా అదే కనిపించేది. అందుకే దీనికి ‘జాతీయ ఇంజిన్’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. అయినా భయపడకు, అన్ని లక్షల బండ్లు తిరిగాయి కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, పని తెలిసిన చేతులూ ఉన్నాయి.

లెక్కలు కూడా చెబుతాను. 1,248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. నువ్వు చూసిన దానిలో మామూలు టర్బో, అంటే పొగ ఒత్తిడితో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే పంకా, ఉంటుంది, 75 హార్స్‌పవర్, 2,000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఎర్టిగాలో ఇదే ఇంజిన్‌కు రెక్కల కోణం మారే టర్బో పెట్టి 90 హార్స్‌పవర్ రాబట్టారు. ఆ 2,000 అంకె గుర్తుపెట్టుకో. అంతకు దిగువన టర్బో కునికిపాట్లు పడుతుంది. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దాటగానే బండి లాగదు, లాగలేదని డ్రైవరు సగం క్లచ్చు తొక్కి ఆక్సిలరేటర్ నొక్కుతాడు. క్లచ్చు ప్లేట్లు త్వరగా పోయేది అక్కడే. ఇంజిన్ మంచిదే, డ్రైవరు కాలే పాడుచేస్తుంది. రెండో గేరుకు బద్ధకించకు.

ఇక అసలు సంగతి. ఈ ఇంజిన్‌కు పట్టే ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకే. ఐదారు లీటర్లు పట్టే పెద్ద ఇంజిన్‌లో అర లీటరు తగ్గినా తట్టుకుంటుంది, ఇందులో అర లీటరు తగ్గిందంటే ఆరో వంతు పోయినట్టు. పైగా పిస్టన్లకూ వాల్వులకూ తాళం తప్పకుండా చూసేందుకు దీనికి టైమింగ్ బెల్టు లేదు, చైన్ ఉంది. ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, మార్చక బురదలా మారినా టెన్షనర్ పట్టు సడలుతుంది, చైన్ సాగుతుంది, చివరికి ఒక పన్ను దాటుతుంది. అప్పుడు పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. అమ్మేవాడు “బెల్టు కాదండీ, చైను, జీవితకాలం వస్తుంది” అంటాడు. ఎవరి జీవితకాలమో అడుగు.

ఒకసారి నా షెడ్డుకు ఒక ట్రావెల్స్ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. అది వేరే కంపెనీ బండి, కథ మాత్రం ఇదే. పాతికవేల కిలోమీటర్లు ఆయిల్ మార్చలేదు. కింద బోల్టు విప్పితే ధార పడలేదు. కాసేపాగి నల్లటి తారులాంటిది నూలుపోగులా జారింది. కొలిస్తే లీటరున్నర. హెడ్డు విప్పాక ఆ డ్రైవరు వంగిన వాల్వు ఒకటి చేతిలోకి తీసుకుని, మాట్లాడకుండా అలా తిప్పుతూ కూర్చున్నాడు.

అందుకని చూడడానికి వెళ్లే ముందు రోజు రాత్రే అమ్మేవాడికి ఫోను చేసి, పొద్దున తాను స్టార్ట్ చేయవద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే అప్పటికే నడిపి ఏదో దాచాడని అనుమానించు. చల్లగా ఉంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడు. ఆయిల్ నల్లగా ఉందని కంగారుపడకు, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా నాలుగు రోజుల్లోనే నల్లబడుతుంది. చూడవలసింది మట్టం. తర్వాత సెల్ఫు కొట్టి మొదటి పది సెకన్లు చెవి ఒగ్గి విను. డీజిల్ టకటకలు వేరు, పక్కనుంచి గొలుసు ఈడ్చినట్టు గరగరమనడం వేరు. రెండోది వినిపిస్తే ధర ఎంత తగ్గించినా నమస్కారం పెట్టి వచ్చేయ్.

ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత విప్పు. కొద్దిగా ఆవిరి సహజం. పొయ్యి మీద గిన్నెలా గుప్పుగుప్పున పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది, టర్బో సీలు మీద కూడా ఒక కన్ను వెయ్యి. తొక్కినప్పుడు నల్లపొగ, బండి లాగకపోవడం, ఈలలాంటి శబ్దం మూడూ కలిసి వస్తే ఎక్కువసార్లు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగి ఉంటుంది. అది చిన్న ఖర్చు, దాన్ని చూపించి బేరమాడు.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల సంగతి చెవికి అందదు. తెలిసిన మెకానిక్ చేత రిటర్న్ పరీక్ష చేయించు. నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ గొట్టాలకు నాలుగు చిన్న సీసాలు తగిలించి కాసేపు ఇంజిన్‌ను నడుపుతారు. మూడింట్లో అడుగున కొంచెం చేరి, నాలుగో సీసా సగం నిండితే దోషి ఎవరో చెప్పనక్కర్లేదు. కల్తీ డీజిల్, ఫిల్టర్‌లో నీళ్లు, ఈ రెండే వాటికి శత్రువులు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు మసి పట్టడం ఊళ్లో తిరిగే ప్రతి డీజిల్‌కూ ఉన్న జబ్బే, విప్పి శుభ్రం చేస్తే పోతుంది.

కాగితాలు కూడా చూడు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి బండ్లు చవకగా మన వైపు వచ్చాయి. అలాంటిదైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్ రసీదు చేతికి వచ్చేదాకా పైకం ఇవ్వకు. కొన్నాక మొదటి రోజే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ పోయించు. లారీలకు పోసే చిక్కటిది పోస్తే ఇంకా బలమని చెప్పేవాళ్లుంటారు, వినకు.

ఆదివారం నువ్వు వెళ్తున్నావు కదా. తుడిచాక తీసిన డిప్‌స్టిక్ ఫొటో ఒకటి, ఆ మొదటి పది సెకన్ల శబ్దం రికార్డు చేసి ఒకటి పంపు. పాత బనియన్ గుడ్డ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లు, అక్కడ ఇవ్వరు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య