మలినం లేకపోతే ఆ మెట్లు రావు

"రెండు డైమెన్షన్లలోనే తిరిగే ఎలక్ట్రాన్లకు అయస్కాంత క్షేత్రం పెడితే హాల్ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది) మెట్లు మెట్లుగా పెరుగుతుందట, దాన్నే క్వాంటమ్ హాల్ ఎఫెక్ట్ అంటారట. ఏ మలినమూ లేని శాంపిల్ ఉండాలా?" అని ఒకరు అడిగారు.

అక్కర్లేదు, పైగా ఉల్టా. మలినం పూర్తిగా లేకపోతే మెట్లే రావు, గీత నున్నగా పైకి పోతుంది. లోపాల దగ్గర కొన్ని ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయి కరెంటు మోయవు. వాటి పుణ్యమా అని క్షేత్రం మారుతున్నా మెట్టు కదలదు. 1980లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫాన్ క్లిట్జింగ్ దీన్ని పట్టుకున్నది సిలికాన్ ట్రాన్సిస్టర్‌లోనే.

నా పీహెచ్‌డీ గచ్చిబౌలి వైపు. మేం వాడే గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్ ముక్క చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మైక్రోస్కోపు కింద ఇండియం చుక్కలు కరిగించి, వాటికి బంగారు తీగలు అంటించాలి. ఫ్యాన్ వేశామా, తీగ ఎటు ఎగిరిందో దేవుడికే తెలియాలి. ఏప్రిల్ నెల, ఏసీ పనిచేయదు, ఆ ఉక్కలో ఆ పని!

ద్రవ హీలియంలోకి దించి క్షేత్రం మెల్లగా పెంచాం. 6 టెస్లాలు (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రానికి కొలమానం) దాటేసరికి హాల్ రెసిస్టెన్స్ 12,906 ఓమ్‌ల దగ్గర నిలబడిపోయింది. అదే సమయంలో కరెంటు పారే దిశలో కొలిచే రెసిస్టెన్స్ దాదాపు సున్నాకు పడింది. పక్కన నిలబడ్డ ల్యాబ్ అన్న తాపీగా అన్నాడు: "తీగ ఊడినట్టుంది, సూడు తమ్మీ."

ఊడలేదు. నన్నడిగితే అసలు తమాషా ఆ సున్నాలోనే ఉంది. క్లాసుల్లో మెట్ల బొమ్మ గీసి చేతులు దులుపుకుంటారు, సున్నాకు పడే ఆ కింది గీతను ఎవరూ పట్టించుకోరు. ఇక కోచింగుల సంగతి సరేసరి, హాల్ ఫార్ములా బట్టీ కొట్టించడమే. 12,906 అనేది 25,812.807 ఓమ్‌లలో సగం. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశం వర్గంతో భాగిస్తే వచ్చేదే ఆ 25,812.807. ముక్క ఆకారం మార్చినా, పదార్థం మార్చినా అదే అంకె. 2019 నుంచి ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం విలువలను ఖాయం చేశారు కాబట్టి అదీ ఖాయమే.

మూడో వంతు మెట్టు, అంటే ఎలక్ట్రాన్ల మొదటి ఎనర్జీ స్థాయి మూడో వంతే నిండినప్పుడు వచ్చేది, కావాలంటే మాత్రం లెక్క మారుతుంది. 1982లో త్సూయీ, స్టోర్మర్, గోసార్డ్ దాన్ని 15 టెస్లాల దగ్గర చూశారు. దానికి శాంపిల్ బాగా శుభ్రంగా ఉండాలి, చలి కూడా ఇంకా ఎక్కువ కావాలి. అంత హీలియం ఎవరిస్తారు? కరెంటు పోయి, ఆవిరైన హీలియాన్ని తిరిగి పట్టే రికవరీ కంప్రెసర్ ఆగితే, విదేశాల నుంచి తెప్పించుకున్న గ్యాస్ కాస్తా గాల్లో కలిసేది. బిల్లు సంతకానికి వెళ్ళినప్పుడు తిట్లు తినేది మాత్రం మేమే.