చిన్న బోర్డు కంప్యూటర్లో ఎస్‌డీ కార్డుని డిస్క్‌లా వాడితే త్వరగా పోతుందా?

డిస్క్‌లా హాయిగా వాడొచ్చు, కానీ ఆగకుండా రాస్తూ ఉంటే మాత్రం త్వరగానే పోతుంది. చదవడం వల్ల దాదాపు ఏమీ కాదు. ఫ్లాష్‌లో (కార్డు లోపల డేటా ఉండే మెమరీ ఇదే) ఒకసారి రాసిన చోట మళ్లీ రాయాలంటే ముందు చెరపాలి, అదీ ఒక్కో బైటుగా కుదరదు, బ్లాక్ మొత్తం చెరపాల్సిందే, పైగా ఒక్కో బ్లాకూ ఇన్నిసార్లే తట్టుకుంటుంది (ఒక్కో సెల్‌లో ఒక బిట్టే దాచే ఎస్‌ఎల్‌సీ రకం సుమారు లక్షసార్లు, మూడు బిట్లు దాచే చవకైన టీఎల్‌సీ అయితే కొన్ని వేలు, అంతే).

సెన్సార్ రీడింగ్‌ని సెకనుకో 50 బైట్ల లైనుగా లాగ్ ఫైల్లోకి అప్పటికప్పుడు రాయిస్తున్నారనుకోండి. రోజుకి 4.3 ఎంబీయే కదా అనిపిస్తుంది. కానీ కార్డు మీద 50 బైట్లే విడిగా రాయడం కుదరదు, లైనుకి 4 కేబీ చొప్పున రాసినా 350 ఎంబీ దాటుతుంది, ఫైల్ సిస్టమ్ సొంత రాతలు దీనికి అదనం. అదే ర్యామ్‌లో పోగేసి పది నిమిషాలకోసారి రాస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు, కరెంటు పోతే ఆ కాస్త డేటా పోతుంది, అంతే.

ఒకే ఫైల్లో పదేపదే రాస్తే కార్డులో అదే చోటు అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కార్డులో మెమరీని నడిపే కంట్రోలర్ చిప్ రాతల్ని వేరే వేరే బ్లాకులకి తిప్పుతూ ఉంటుంది. కంట్రోలర్ లేని నాండ్ (ఫ్లాష్ మెమరీ) చిప్ నేరుగా బోర్డు మీద ఉంటే మాత్రం ఆ పని సాఫ్ట్‌వేరే చేయాలి, లినక్స్‌లో ఇలా రాతల్ని తిప్పే యూబీఐ, దాని మీద నడిచే ఫైల్ సిస్టమ్ యూబీఐఎఫ్‌ఎస్ ఉన్నది అందుకే.