బిల్లు నంబరు రెండుసార్లు ఎందుకొస్తోంది?

ప్రశ్న: ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టుకు జావాలో బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాం. రెండు కౌంటర్లూ ఒకేసారి బిల్లు కొడితే అప్పుడప్పుడు రెంటికీ ఒకే నంబరు పడుతోంది. 'అటామిక్ ఆపరేషన్' వాడమంటున్నారు. అంటే ఏమిటి?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: మధ్యలో ఇంకో థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో పక్కనే నడిచే మరో పనివరుస) చొరబడే సందు లేకుండా, జరిగితే మొత్తం జరిగే, లేదంటే అసలు జరగని పనిని అటామిక్ ఆపరేషన్ అంటారు. నంబరు పెంచడానికి మీరు రాసి ఉండే 'ప్లస్ ప్లస్' (++) ఒక్క పనిలా కనిపిస్తుంది గానీ లోపల మూడు పనులున్నాయి: మెమరీ నుంచి విలువ చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. ఇద్దరూ 417 చదివితే ఇద్దరూ 418 రాస్తారు. తప్పు అక్కడే పడుతోంది. ఆ నంబరు దాచే వేరియబుల్‌కు 'వోలటైల్' అనే జావా పదం తగిలించినా ఆ తప్పు పోదు. అది తాజా విలువను చూపిస్తుందే తప్ప ఆ మూడింటినీ కట్టిపడేయదు.

2004లో జావా 5తో వచ్చిన 'అటామిక్ ఇంటీజర్' అనే క్లాసు తీసుకోండి. అందులో ఒకటి పెంచి కొత్త విలువను ఒకే దెబ్బలో ఇచ్చే 'ఇంక్రిమెంట్ అండ్ గెట్' తిరిగి ఇచ్చిన విలువనే బిల్లు మీద వేయండి. పెంచాక మళ్లీ విడిగా, విలువను చదివే 'గెట్' పిలిస్తే, ఆలోపు రెండో కౌంటరు దాన్ని పెంచేసి ఉండొచ్చు. అటామిక్ పనులు రెండు పక్కపక్కన రాసినంత మాత్రాన ఆ జంట అటామిక్ కాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

అయితే ఇదంతా ఒకే ప్రోగ్రాం లోపలి మాట. కౌంటర్లు వేర్వేరు కంప్యూటర్లయితే ఇది పనికిరాదు, పైగా ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే లెక్క మొదటికొస్తుంది. అప్పుడు నంబరును డేటాబేస్‌తోనే ఇప్పించండి, ఆ కాలమ్‌కు 'యూనిక్' (ఒకే విలువ రెండుసార్లు రానివ్వని) నిబంధన తప్పకుండా పెట్టండి.