అరిగిన ఇరుసుకు కొత్త పైపూత

ప్రశ్న: మెటలర్జీ చదువుతున్నాను. ‘రీమాన్యుఫాక్చరింగ్’ అనగానే చైనా శాస్త్రవేత్త షు బిన్‌షి పేరు చెబుతారు. ఆయన చేసింది మరమ్మతే కదా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కాదు. మరమ్మతు చెడిన చోటును సరిచేసి ఊరుకుంటుంది. పునరుత్పాదనలో (రీమాన్యుఫాక్చరింగ్‌లో) యంత్రాన్ని పూర్తిగా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ పరీక్షించి, అరిగినవాటిని పూడ్చి, కొత్తదానికి పెట్టే పరీక్షలే మళ్లీ పెడతారు. హార్బిన్‌లో చదువుకుని సైనిక ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పనిచేసిన షు, ట్యాంకుల విడిభాగాలపై ప్లాస్మా స్ప్రే (అతివేడి వాయు జ్వాలతో పొడిని కరిగించి చిమ్మే) పూతలతో ఈ దారి పట్టారు. 1995లో చైనా ఇంజనీరింగ్ అకాడమీ సభ్యుడయ్యారు.

ఇరుసు అరిగేది సాధారణంగా మిల్లీమీటరులో కొద్ది వంతే. ఆ మాత్రానికి మొత్తం ఉక్కును మళ్లీ కరిగించడం, నా దృష్టిలో, శుద్ధ దుబారా. ఉపరితలాన్ని గరుకు రవ్వలతో కొట్టి గరుకుగా చేశాక, ప్లాస్మా జ్వాలలో కరిగిన పొడి వేగంగా వచ్చి తాకి, చదునుగా పరుచుకుని, ఆ గరుకుదనాన్నే పట్టుకుంటుంది. జిడ్డు మిగిలితే పూత పెచ్చులుగా ఊడుతుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పదార్థ పరిశోధన సంస్థలో డిటొనేషన్ స్ప్రే (వాయువుల పేలుడుతో పొడిని చిమ్మే) పూతలపై పరిశోధన జరుగుతోంది, వీలైతే చూసి రండి. అయితే లోపలికి పగులు పాకిన భాగానికి ఏ పూతా పనికిరాదు కనుక, చెవికి వినపడని ధ్వని తరంగాలతో పగుళ్లను కనిపెట్టే అల్ట్రాసోనిక్ పరీక్షను పూతలతో సమానంగా నేర్చుకోండి.