సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీలాన్సింగా, పర్మనెంట్ ఉద్యోగమా?

హైదరాబాద్‌లో జీతానికి పనిచేస్తున్న డెవలపర్ ఫ్రీలాన్సింగ్‌లోకి మారడం లాభమా అన్న ప్రశ్నకు, గంటకు వచ్చే రేటును నెల జీతంతో పోల్చి జవాబు చెప్పడం సరికాదు. బేసిక్ (మూల వేతనం) నెలకు రూ. 50,000 ఉండి, పూర్తి బేసిక్‌పై పీఎఫ్ కట్టే కంపెనీ అయితే, యాజమాన్య వాటాగా 12 శాతం, అంటే రూ. 6,000 అదనంగా జమ అవుతుంది. దీనికి గ్రాట్యుటీ (కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం), జీతంతో కూడిన సెలవులు, చాలా కంపెనీలు ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా తోడవుతాయి. తల్లిదండ్రులకు ముందునుంచే షుగరో బీపీయో ఉంటే, విడిగా తీసుకునే పాలసీలో ఆ జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చెల్లించని తొలి గడువు) ఉంటుంది కనుక, కంపెనీ ఇచ్చే బీమా విలువను అసలు తక్కువగా చూడకూడదు.

ఫ్రీలాన్సర్‌కు పని ఎంచుకునే స్వేచ్ఛ, విదేశీ క్లయింట్ల నుంచి మెరుగైన రేటు దొరకవచ్చు. అయితే క్లయింట్లను వెతకడానికీ, ఇన్వాయిస్ పంపి బాకీ వసూలు చేయడానికీ పట్టే సమయానికి ఎవరూ డబ్బివ్వరు. వార్షిక టర్నోవర్ రూ. 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తప్పదు.

ఇంటి రుణం ఆలోచన ఉన్నవారు అది మంజూరయ్యాకే మారడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే స్వయం ఉపాధిలో ఉన్నవారిని బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి. కెరీర్ తొలి సంవత్సరాల్లో మాత్రం, మన కోడ్‌ను సీనియర్లు రోజూ సరిదిద్దే ఉద్యోగమే మేలు.